ఎఫ్‌ఎస్‌ఐ సిమ్యులేషన్‌ను సమాంతరంగా నడపడం ఎలా: ఒక్క కోర్‌తో మొదలుపెట్టి

"సార్, ఎన్ని కోర్లు పెట్టమంటారు?"

కానూరు, వడ్డేశ్వరం, గుంటూరు... ఎక్కడి ఎం.టెక్ పిల్లలు ఫోన్ చేసినా మొదట అడిగేది ఇదే. కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా లెక్క చేయగల ఒక భాగం. "ఒకటి పెట్టండి" అంటే నమ్మరు. తీరా రన్ చూస్తే మూడో టైమ్ స్టెప్‌లోనే (లెక్క ముందుకు వేసే చిన్న కాలపు ముక్క) పేలిపోయి, అంటే అంకెలు అదుపు తప్పి ఉంటుంది. అలా పేలిపోయే రన్‌ను 16 కోర్ల మీద పెడితే ఇంకా తొందరగా పేలుతుంది, అంతే.

బందరు కాలువలో చీర జాడించేటప్పుడు చూడండి. నీళ్లు చీరను తోస్తాయి. చీర కదిలేసరికి నీళ్ల దారి మారుతుంది. మారిన నీళ్లు చీరను ఇంకోలా తోస్తాయి. ఈ రెండింటినీ కలిపి లెక్కగట్టడమే ఎఫ్‌ఎస్‌ఐ (ఫ్లూయిడ్-స్ట్రక్చర్ ఇంటరాక్షన్). రన్ చెడితే లోపం నీళ్ల లెక్కలో ఉండొచ్చు, చీర లెక్కలో ఉండొచ్చు, రెంటినీ కలిపిన చోట ఉండొచ్చు. ఏది ఎక్కడ చెడిందో తెలియాలంటే విడివిడిగా చూసుకుంటూ రావాలి. కింది వరుస అందుకే. అడుగులు దాటేయకండి.

## 1. ముందుగా సర్దుకోవాల్సినవి

డబ్బు పెట్టకుండా దొరికే సాఫ్ట్‌వేర్ మూడు: నీళ్లకు ఓపెన్‌ఫోమ్, చీర బదులు మనం వాడే వంగే రేకుకు కాల్క్యులిక్స్, రెంటినీ కలపడానికి ప్రీసైస్. ఓపెన్‌ఫోమ్‌కు, కాల్క్యులిక్స్‌కు ప్రీసైస్‌తో మాట్లాడించే అడాప్టర్లు వేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఉబుంటు ఉంటే మంచిది. విండోస్ లాప్‌టాప్ అయితే దానిలోనే లినక్స్ సబ్‌సిస్టమ్ పెట్టుకున్నా పని నడుస్తుంది.

వెర్షన్ల దగ్గర జాగ్రత్త. ప్రీసైస్ 2కి రాసిన కాన్ఫిగ్ ఫైల్ ప్రీసైస్ 3లో నడవదు. ఓపెన్‌ఫోమ్‌లోనూ రెండు శాఖలున్నాయి. 2312 లాగా ఏడాది, నెల కలిసిన నంబర్ ఉన్న శాఖతో అడాప్టర్ ఇబ్బంది లేకుండా కలుస్తుంది.

మొదటి సమస్యగా మీ థీసిస్ సమస్యను తీసుకోకండి. జవాబు ముందే తెలిసిన సమస్య తీసుకోండి. 2006లో ట్యూరెక్, హ్రాన్ ప్రచురించిన పరీక్ష ఇందుకు సరిగ్గా సరిపోతుంది: 2.5 మీటర్ల పొడవు, 0.41 మీటర్ల ఎత్తు ఉన్న కాలువ, అందులో 0.1 మీటరు వ్యాసం ఉన్న స్తంభం, దాని వెనక 0.35 మీటర్ల పొడవు, 0.02 మీటర్ల మందం ఉన్న మెత్తటి రేకు. స్తంభం కేంద్రం అడుగు నుంచి 0.2 మీటర్ల ఎత్తున ఉంటుంది, అంటే సరిగ్గా మధ్యలో ఉండదు. అది పొరపాటు కాదు. రేకు ఊగడం దానంతట అదే మొదలవ్వాలని కావాలనే అలా పెట్టారు. దాన్ని "సరిచేసి" మధ్యలో పెట్టిన వాళ్లను నేను చూశాను.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- మూడు సాఫ్ట్‌వేర్ల వెర్షన్లు ఒక కాగితం మీద రాసుకున్నారా?
- ప్రీసైస్‌తో వచ్చే చిన్న ట్యుటోరియల్, అంటే నిటారు రేకు సమస్య, మీ మెషీన్‌లో చివరిదాకా నడిచిందా?
- రేకు, నీరు, రెండూ కలిపినది: మూడింటికీ వేరు వేరు ఫోల్డర్లు ఉన్నాయా?

## 2. రేకు ఒక్కటే

నీళ్లు తీసేయండి. రేకు ఒక కొస గోడకు బిగించి, రెండో కొస వదిలేసి, దాని బరువుకు అదే వంగనివ్వండి. ఆ పరీక్షలోనే దీనికీ ఒక భాగం ఉంది: సాంద్రత 1000, యంగ్స్ మాడ్యులస్ 14 లక్షల పాస్కల్, పాయిసన్ నిష్పత్తి 0.4, గురుత్వం 2. కొస 66.1 మి.మీ. కిందికి దిగాలి.

కంప్యూటర్ కంటే ముందు కాగితం మీద చేయండి. మీటరు వెడల్పు రేకు తీసుకుంటే మీటరు పొడవుకు బరువు 1000 × 0.02 × 2 = 40 న్యూటన్లు. బీమ్ సూత్రంలో వేస్తే 80 మి.మీ. వస్తుంది. 66 ఎక్కడ, 80 ఎక్కడ? ఇది రెండు కొలతల సమస్య. రేకు పక్కలకు సాగడానికి వీల్లేదు. కాబట్టి గట్టిదనాన్ని 1 − 0.4² తో, అంటే 0.84తో భాగించాలి. అప్పుడు 67.5 మి.మీ. మిగిలిన తేడా రేకు బాగా వంగడం వల్ల వచ్చేది. కాల్క్యులిక్స్‌లో 80 దగ్గర వచ్చిందంటే పక్క ముఖాలను బిగించడం మర్చిపోయారన్నమాట. ఈ ఒక్క లెక్క నాకు ఎన్ని రాత్రులు మిగిల్చిందో చెప్పలేను.

ఇక్కడే దొరికే మరో రెండు తప్పులు:

- కొస 66కు బాగా తక్కువ వంగుతోంది. మందంలో ఒకే పొర సీ3డీ8 ఎలిమెంట్లు (రేకును లెక్క కోసం విడగొట్టిన ఎనిమిది నోడ్ల ఇటుకలు) వేసి ఉంటారు. అవి వంపులో బిగుసుకుపోతాయి. సీ3డీ8ఐ గానీ, ఇరవై నోడ్ల ఎలిమెంట్లు గానీ వాడండి.
- వంగుతున్నకొద్దీ రేకు పొడవు పెరుగుతోంది. ఎన్‌ఎల్‌జియోమ్ అనే మాట స్టెప్ లైన్‌లో రాయలేదు. అది లేకపోతే పెద్ద కదలికలు లెక్కలోకి రావు.

## 3. నీరు ఒక్కటే

ఇప్పుడు రేకును రాయిలా అనుకోండి. సగటు వేగం సెకనుకు 0.2 మీటర్లు, కైనమాటిక్ స్నిగ్ధత 0.001. స్తంభం, రేకు కలిపి డ్రాగ్ (ప్రవాహం వైపు తోసే బలం) 14.29, లిఫ్ట్ (పైకి తోసే బలం) 1.119 న్యూటన్లు రావాలి. ఒక శాతం లోపు రాకపోతే మెష్ (నీళ్లను చిన్న గళ్లుగా, అంటే సెల్స్‌గా విడగొట్టే వల) ఇంకా సన్నగా చేయండి.

ప్రవేశం దగ్గర వేగం పారబోలా ఆకారంలో ఉండాలి. మధ్యలో వేగం సగటుకు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. చాలామంది సగటునే మధ్య వేగంగా పెట్టేసి, డ్రాగ్ ఎందుకు తక్కువొస్తోందని తల పట్టుకుంటారు.

ఇంకో రెండు ఉచ్చులు. ఇవి ఒంటరి రన్‌లో పెద్దగా కనిపించవు, కలిపాక ప్రాణం తీస్తాయి.

ఒకటి సాంద్రత. ఓపెన్‌ఫోమ్‌లో నీళ్ల లెక్క చేసే సాల్వర్ పింపుల్‌ఫోమ్. దాని లెక్కలో పీడనం అంటే సాంద్రతతో భాగించిన పీడనం. బలం కావాలంటే 1000తో గుణించాలి. ఫోర్సెస్ ఫంక్షన్‌లో ఒకసారి, అడాప్టర్ ఫైల్‌లో మరోసారి సాంద్రత ఇవ్వాలి. అడాప్టర్‌లో 1000 బదులు 1 ఇచ్చారంటే రేకు మీద బలం వెయ్యి రెట్లు తగ్గుతుంది. రన్ హాయిగా నడుస్తుంది, రేకు మాత్రం కదలదు.

రెండోది వెడల్పు. ఓపెన్‌ఫోమ్‌లో రెండు కొలతల సమస్యకు కూడా ఒక సెల్ మందం ఉంటుంది. ఆ మందం, కాల్క్యులిక్స్‌లో రేకు వెడల్పు ఒకటే కావాలి. పరీక్షలో ఇచ్చిన డ్రాగ్ ఒక మీటరు వెడల్పుకు. మీ మెష్ మందం 0.1 అయితే పోల్చే ముందు పదితో గుణించండి.

## 4. మెష్‌ను చేత్తో కదిపి చూడటం

దాదాపు ఎవరూ వేయని అడుగు ఇది. కాల్క్యులిక్స్ ఇంకా ఆపి ఉంచండి. రేకు స్తంభాన్ని అంటుకున్న చోట సున్నా, కొసన 35 మి.మీ. వచ్చేలా చిన్న ఫార్ములా రాసి, ఓపెన్‌ఫోమ్‌లోనే రేకును పైకి కిందికి ఊపండి. నీళ్ల మెష్ తట్టుకుంటుందా లేదా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది.

మెష్‌ను కదిపే డిస్‌ప్లేస్‌మెంట్ లాప్లేసియన్ సాల్వర్‌కు ఇన్వర్స్ డిస్టెన్స్ డిఫ్యూజివిటీ ఇవ్వండి. రేకు దగ్గరి చిన్న సెల్స్ రేకుతో పాటు గట్టిగా కదులుతాయి, దూరంగా ఉన్న పెద్ద సెల్స్ నలుగుతాయి. మనకు కావలసింది అదే. తరువాత చెక్‌మెష్ కొట్టండి. నాన్-ఆర్థోగొనాలిటీ (సెల్స్ ఎంత వంకర పోయాయో చెప్పే కోణం) 70 దాటిందని అంటే రేకు కొసన మూలల దగ్గర చూడండి, తొంభై శాతం అక్కడే ఉంటుంది.

రేకు గోడకు వేగం ఏం పెట్టారో కూడా ఇక్కడే చూసుకోండి. నో-స్లిప్ కాదు, మూవింగ్ వాల్ వెలాసిటీ ఉండాలి. నో-స్లిప్ పెడితే గోడ కదులుతుంది గానీ నీళ్లకు అది నిలబడే ఉన్నట్టు లెక్క. నీళ్లు రేకులోంచి దూరిపోతాయి.

## 5. ఇప్పుడు కలపండి, ఒక్క కోర్ మీదే

రెండింటి మధ్య రెండు సంగతులే వెళ్తాయి. నీటి నుంచి రేకుకు బలం, రేకు నుంచి నీటికి కదలిక. రెండు మెష్‌ల నోడ్లు ఒకచోట ఉండవు కాబట్టి మ్యాపింగ్ కావాలి. బలాన్ని కన్సర్వేటివ్‌గా పంపండి, మొత్తం చెదరకూడదు. కదలికను కన్సిస్టెంట్‌గా పంపండి, విలువ చెదరకూడదు. రెండూ తారుమారైతే రేకు వింతగా ముడతలు పడుతుంది. మొదటి టైమ్ స్టెప్ తరువాత రెండు వైపులా మొత్తం బలం ఒకటేనా అని ఒక్కసారి కూడి చూడండి.

ఇక అసలు విషయం. అరచేతిని గాలిలో ఊపండి, తరువాత కృష్ణలో దిగి నీళ్లలో ఊపండి. నీళ్లలో చేయి బరువెక్కినట్టు ఉంటుంది కదా. చేతితో పాటు నీళ్లను కూడా నెట్టాలి. దీన్నే యాడెడ్ మాస్ అంటారు. రేకు బరువు, అది నెట్టే నీళ్ల బరువు దగ్గర దగ్గరగా ఉంటే, ఒక టైమ్ స్టెప్‌లో ఒక్కసారి ఇచ్చిపుచ్చుకునే ఎక్స్‌ప్లిసిట్ కప్లింగ్ నిలబడదు. అందరూ చేసేది టైమ్ స్టెప్ తగ్గించడం. నీళ్లలాంటి కుదించలేని ద్రవంతో అలా తగ్గిస్తే ఇంకా ముందే పేలుతుంది. ఇది వింటే ఎవరికైనా తిక్క రేగుతుంది గానీ నిజం.

దారి ఒక్కటే, ఇంప్లిసిట్ కప్లింగ్. ఒకే టైమ్ స్టెప్‌లో బలం, కదలిక ఒకదానికొకటి సరిపోయేదాకా మళ్లీ మళ్లీ తిప్పాలి. నేను మొదలుపెట్టే విలువలు ఇవి:

- టైమ్ స్టెప్ 0.001 సెకను, రెండు వైపులా ఒకటే
- ఐక్యూఎన్-ఐఎల్‌ఎస్ యాక్సిలరేషన్ (పాత తిరుగుళ్లను చూసి తరువాతి విలువను అంచనా వేసే పద్ధతి), మొదటి రిలాక్సేషన్ 0.1
- బలానికి, కదలికకు సాపేక్ష పరిమితి 0.0001
- ఒక టైమ్ స్టెప్‌లో గరిష్ఠంగా 50 తిరుగుళ్లు
- ప్రవేశ వేగం సున్నా నుంచి 2 సెకన్లలో మెల్లగా పెరగాలి

చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వరద గేటు ఒక్కసారి ఎత్తినట్టు పూర్తి వేగంతో మొదలుపెడితే మొదటి స్టెప్‌లో వచ్చే పీడనానికి ఏ రేకూ ఆగదు.

మూడో ఎఫ్‌ఎస్‌ఐ పరీక్ష తీసుకోండి: సగటు వేగం 2, రేకు సాంద్రత 1000, యంగ్స్ మాడ్యులస్ 56 లక్షలు. ఊపు కుదురుకున్నాక రేకు కొస పైకీ కిందికీ 34 మి.మీ. చొప్పున, సెకనుకు సుమారు 5.3 సార్లు ఊగాలి.

## 6. లాగ్ ఏం చెబుతోంది

ప్రీసైస్ రాసే ఇటరేషన్స్ లాగ్ తెరిచి పెట్టుకోండి. ప్రతి టైమ్ స్టెప్‌కూ ఎన్ని తిరుగుళ్లు పట్టాయో అందులో ఒక వరుస ఉంటుంది. మొదట్లో పది, పదిహేను పట్టినా టెన్షన్ పడకండి. కొన్ని స్టెప్పుల తరువాత మూడు, నాలుగు, అయిదు దగ్గర కుదురుకోవాలి.

కుదురుకోకుండా 50, 50, 50 అని పడుతుంటే రన్ నడుస్తున్నట్టు కనిపించినా ఆపేయండి, ఆ జవాబు పనికిరాదు. ముందు చూడాల్సింది నీళ్ల సాల్వర్ టాలరెన్స్, అంటే ఎంత తేడా మిగిలితే చాలనుకుని అది ఆగుతుందో ఆ హద్దు. పీడనాన్ని 0.001 వరకే తేల్చి, కప్లింగ్‌ను 0.0001 వరకు రమ్మంటే ఎలా వస్తుంది? లోపలి లెక్క బయటి లెక్క కంటే కనీసం పది రెట్లు నిక్కచ్చిగా ఉండాలి.

బాగా నడుస్తూ హఠాత్తుగా తిరుగుళ్లు పెరిగాయంటే మెష్ నలిగిపోతోందని అనుమానించండి. ఆ సమయానికి మెష్ తీసి చూడండి.

అసలు ఏమీ కదలక, రెండు టెర్మినళ్లూ ఊరికే నిలబడిపోతే గతసారి రన్ మిగిల్చిన ప్రీసైస్-రన్ ఫోల్డర్ చెరిపేశారా? మధ్యలో కంట్రోల్-సీ కొట్టిన ప్రతిసారీ దాన్ని చెరపాలి. రెండు టెర్మినళ్లలో ఒకటే ఆగి, రెండోది దెయ్యంలా వెనక నడుస్తూ ఉండొచ్చు కూడా.

## 7. ఇప్పుడు కోర్లు

ఓపెన్‌ఫోమ్‌లో డీకంపోజ్‌పార్‌కు స్కాచ్ పద్ధతి ఇచ్చి మెష్‌ను ముక్కలు చేయండి. తరువాత ఎంపీఐ రన్‌తో (ఒక పనిని చాలా కోర్ల మీద మొదలుపెట్టే ఆదేశం), పారలల్ ఆప్షన్ పెట్టి నడపండి. ఆ ఆప్షన్ మర్చిపోతే నాలుగు కోర్లూ ఒకే సమస్యను విడివిడిగా నాలుగుసార్లు చేస్తాయి. లాగ్‌లో ప్రతి లైనూ నాలుగుసార్లు కనిపిస్తే సంగతి అదే.

కాల్క్యులిక్స్ ఇలా ముక్కలవదు. అది థ్రెడ్లతో నడుస్తుంది, ఎన్ని కావాలో ఓఎంపీ-నమ్-థ్రెడ్స్ వేరియబుల్‌తో చెప్పాలి. ఈ రేకుకు ఒకటి చాలు.

ఎన్ని కోర్లు? నీళ్ల మెష్‌లో కోర్‌కు 20 వేల నుంచి 50 వేల సెల్స్ ఉండేలా చూసుకోవడం మామూలు అంచనా. మన రెండు కొలతల మెష్ 40 వేల సెల్స్ అయితే రెండు కోర్లు పెట్టండి, మరీ ఆశ ఉంటే నాలుగు. ఎనిమిది పెడితే లెక్క కంటే కోర్ల మధ్య కబుర్లు ఎక్కువవుతాయి. పైగా మామూలు డెస్క్‌టాప్‌లో కోర్లన్నీ ఒకే మెమరీ దారిని పంచుకోవాలి. బెంజ్ సర్కిల్‌లో సాయంత్రం ఆరింటికి ఎన్ని బళ్లు చేరితే ఏం లాభం? హైపర్ థ్రెడింగ్ చూపించే రెట్టింపు సంఖ్యను నమ్మకండి, అసలు కోర్లే లెక్క.

ఇంకో లెక్క చూడండి. ఉదాహరణకు ఒక తిరుగుడులో నీళ్లకు 8 సెకన్లు, రేకుకు 1 సెకను పడుతోందనుకుందాం. మొత్తం 9. నీళ్లను 8 కోర్లకు పంచి 1.2 సెకన్లకు తెచ్చారు. ఇప్పుడు మొత్తం 2.2. 16 కోర్లు పెట్టి నీళ్లను 0.6కు తెచ్చినా మొత్తం 1.6 అవుతుంది. రేకు సెకను అలాగే ఉంది. ఇక అక్కడ ఖర్చు పెట్టాల్సింది కోర్ల మీద కాదు, రేకు మెష్ మీద. లేదా సీరియల్-ఇంప్లిసిట్ బదులు పారలల్-ఇంప్లిసిట్ పథకానికి మారండి. అందులో రెండు సాల్వర్లూ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి నడుస్తాయి. అలా మారినప్పుడు యాక్సిలరేషన్‌లో బలం, కదలిక రెండూ రాయాలి.

నా చేతికి తగిలిన దెబ్బ ఒకటి చెబుతాను. 8 కోర్ల మెషీన్ మీద నీళ్లకు నాలుగు, రేకుకు ఒకటి పెట్టాను. ఒక్క కోర్‌తో నడిపినప్పటి కంటే పెద్ద లాభం లేదు. రాత్రి పదకొండింటికి విసుగొచ్చి, ఏ కోర్ ఎంత పని చేస్తోందో చూపించే హెచ్‌టాప్ తెరిచాను. మొదటి కోర్ గడి ఎర్రగా నిండిపోయి ఉంది. దాని మీద రెండు పనులు కొట్టుకుంటున్నాయి. చివరి నాలుగు కోర్లు ఖాళీ. నేను రెండు ఎంపీఐ రన్‌లు వేరువేరుగా మొదలుపెట్టాను, రెండూ ఎవరికి వారు సున్నా నంబర్ కోర్ నుంచి సీట్లు పట్టుకున్నాయి. పనిని ఏ కోర్‌కూ కట్టేయొద్దని చెప్పే బైండ్-టు-నన్ అనే ఆప్షన్ పెట్టగానే విడిపోయాయి. రెండు పదాల మందు.

కోర్లు పెంచేటప్పుడు ఈ వరుస పాటించండి:

- 1, 2, 4, 8 కోర్లతో ఒక్కోసారి 50 టైమ్ స్టెప్పులు మాత్రమే నడపండి. సమయాలు రాసుకోండి.
- రేకు కొస కదలికను ఒక్క కోర్ జవాబుతో పోల్చండి. చివరి అంకెల్లో చిన్న తేడా సహజం, కూడే వరుస మారుతుంది కాబట్టి. మొదటి మూడు, నాలుగు అంకెల్లోనే తేడా వస్తే ఎక్కడో తప్పుంది.
- కోర్లు రెట్టింపు చేసినా సమయం మూడో వంతు కూడా తగ్గలేదంటే అక్కడ ఆపండి.

యూనివర్సిటీ క్లస్టర్‌లో గానీ, ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ సూపర్‌కంప్యూటర్ లాంటి దాని మీద గానీ సమయం దొరికితే రెండు సాల్వర్లనూ ఒకే జాబ్ స్క్రిప్ట్‌లో మొదలుపెట్టండి. విడి జాబ్‌లు వేస్తే ఒకటి క్యూలో ఉండగా రెండోది ఎదురుచూస్తూ మీ గంటలు తినేస్తుంది. రెండు సాల్వర్లూ వేరు వేరు నోడ్లలో ఉంటే ప్రీసైస్ కాన్ఫిగ్‌లో నెట్‌వర్క్ పేరు కూడా రాయాలి.

## 8. ఎండ, కరెంటు, డిస్కు

సెకన్ల లెక్క ముందే వేసుకోండి. 8 సెకన్ల ప్రవాహం, 0.001 స్టెప్ అంటే 8000 స్టెప్పులు. స్టెప్‌కు 4 తిరుగుళ్లు, తిరుగుడుకు 2 సెకన్లు అనుకుంటే 64,000 సెకన్లు, దాదాపు 18 గంటలు. మే నెలలో బెజవాడలో 18 గంటలు ఆగకుండా నడిచే మెషీన్ అంటే గది సంగతి కూడా చూసుకోవాలి. ప్రాసెసర్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. సాయంత్రం మొదలుపెట్టి తెల్లారేసరికి సగం దాటేలా చూసుకుంటే మేలు.

ఇన్వర్టర్ కరెంటు పోకుండా కాస్తుంది గానీ, మారే ఆ క్షణానికి కొన్ని మెషీన్లు రీస్టార్ట్ అవుతాయి. యూపీఎస్ ఉండాలి.

ఫలితాలు 0.05 సెకనుకోసారి రాస్తే చాలు, బైనరీలో. ప్రతి స్టెప్‌కూ రాసి, తెల్లారేసరికి డిస్కు నిండి రన్ ఆగిపోయిందని ఏడవకండి. కొస కదలిక, బలాలు మాత్రం ప్రతి స్టెప్‌కూ రాయండి, అవి చిన్న ఫైళ్లు. మధ్యలో ఆగితే రెండు సాల్వర్లనూ ఒకే సమయం నుంచి మొదలుపెట్టాలి. ఐక్యూఎన్ పాత జ్ఞాపకం పోతుంది కాబట్టి మొదటి కొన్ని స్టెప్పుల్లో తిరుగుళ్లు మళ్లీ పెరుగుతాయి, కంగారు లేదు.

## 9. మీ సొంత సమస్యకు మారేటప్పుడు

2024 సెప్టెంబర్ వరదలో ప్రకాశం బరాజ్ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దాటడం, పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్దడం చూశాక, బరాజ్ మొత్తాన్ని సిమ్యులేట్ చేస్తామని వచ్చే బ్యాచ్‌లు పెరిగాయి. 70 గేట్లూ వద్దు. ఒక్క గేటు కూడా వద్దు. కొద్దిగా ఎత్తిన గేటు కింది అంచు దగ్గర ఒక నిలువు చీలిక తీసుకోండి, రెండు కొలతల్లో. నీటి ఉపరితలం కూడా మొదట్లో వద్దు. అంచు అంతా నీళ్లలో మునిగి ఉన్నట్టు పెట్టి ఒకటి నుంచి ఏడు అడుగులూ మళ్లీ వేయండి.

"స్టీల్ గేటు కదా సార్, నీళ్ల కంటే ఎనిమిది రెట్లు బరువు, ఎక్స్‌ప్లిసిట్ చాలదా?" అని అడుగుతారు. సాంద్రత ఒక్కటే చూస్తే సరిపోదు, మందాన్ని కూడా గుణించి చూడాలి. 10 మి.మీ. స్టీల్ రేకు చదరపు మీటరుకు 78.5 కిలోలు. అది మీటరు మేర ఊగితే నెట్టే నీళ్లు చదరపు మీటరుకు 1000 కిలోల స్థాయిలో ఉంటాయి. నిష్పత్తి 0.08. మన పరీక్షలోని మెత్తటి రేకుకు ఇదే లెక్క వేయండి: 20 కిలోలు, 350 కిలోలు, 0.057. స్టీల్ గేటు, ఆ రబ్బరు లాంటి రేకు దాదాపు ఒకే గట్టున ఉన్నాయి. కాన్ఫిగ్ ఫైల్‌లో ఇంప్లిసిట్‌ను ఉన్నది ఉన్నట్టే ఉంచండి.